ప్రభంజనాలకు ఎదురుగా: కల్వకుర్తి నుంచి లోక్‌సభకు జైపాల్ రెడ్డి

1984 డిసెంబరు ఎన్నికలు దేశంలో ప్రతిపక్షాన్ని దాదాపుగా తుడిచిపెట్టాయి. ఇందిరాగాంధీ హత్యానంతర సానుభూతిలో కాంగ్రెస్ 400 స్థానాలు దాటింది. బీజేపీకి దక్కినవి రెండు, జనతా పార్టీకి దక్కినవి పది. గ్వాలియర్‌లో వాజపేయి ఓడిపోయారు, బలియాలో చంద్రశేఖర్ ఓడిపోయారు, అలహాబాద్‌లో బహుగుణ ఓడిపోయారు. అదే ఎన్నికలో మహబూబ్‌నగర్ నుంచి జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచి, పదిహేనేళ్ల శాసనసభ అనుభవంతో ఒకాయన ఢిల్లీ చేరారు. ఆయన సూదిని జైపాల్ రెడ్డి. మహానాయకులు లేని ప్రతిపక్షానికి ఆ రోజుల్లో అన్నింటికంటే ఎక్కువగా కావలసింది సభలో నిలబడి మాట్లాడగల మనిషి. ఆ అవసరమే రాష్ట్ర శాసనసభ్యుడిని జాతీయ నాయకుడిని చేసింది. ఆ అవసరానికి ఉన్న పరిమితులే తరువాత ఆయన పరిమితులూ అయ్యాయి.

1942లో జన్మించిన జైపాల్ రెడ్డిది మాడుగుల ప్రాంతానికి చెందిన భూస్వామ్య కుటుంబం. పద్దెనిమిది నెలల వయసులో సోకిన పోలియో వల్ల జీవితాంతం ఊతకర్రల సాయంతోనే నడిచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేశారు. 1969లో కల్వకుర్తి నుంచి కాంగ్రెస్ శాసనసభ్యుడయ్యే నాటికి ఆయన వయసు 27. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపేస్తున్న సంవత్సరమది. 1972లో మళ్లీ గెలిచారు. కుటుంబ నేపథ్యం, చదువు, అధికార పార్టీ సభ్యత్వం మూడూ ఉన్న యువకుడికి ఆనాటి హైదరాబాద్‌లో ముందున్న దారి స్పష్టంగానే ఉండేది. ముఠాలలో ఏదో ఒకదాన్ని ఆశ్రయించి, మంత్రి పదవి కోసం వేచి ఉండడమే ఆ దారి.

ఎమర్జెన్సీ ఆ దారిని మార్చింది. దక్షిణాదిలో, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్‌లో, ఎమర్జెన్సీ పట్ల ఉత్తరాదిలో కనిపించినంత ప్రజాగ్రహం కనిపించలేదు. 1977లో ఉత్తర భారతం కాంగ్రెస్‌ను ఊడ్చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఒక్కటి నంద్యాలలో నీలం సంజీవరెడ్డిది. అటువంటి రాష్ట్రంలో కాంగ్రెస్‌ను విడిచి జనతా పార్టీలో చేరడం లాభసాటి లెక్క కాదు. జైపాల్ రెడ్డి ఆ పని చేశారు. 1978లో రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెస్ ఘనవిజయం సాధించినా కల్వకుర్తిలో జనతా అభ్యర్థిగా ఆయనే గెలిచారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభంజనంలోనూ ఆ స్థానాన్ని నిలబెట్టుకున్నారు.

కల్వకుర్తి గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1989లో, ముఖ్యమంత్రి హోదాలో పోటీ చేసిన ఎన్టీ రామారావును ఓడించిన నియోజకవర్గం అదే. పార్టీ గాలిని బట్టి కాక మనిషిని చూసి ఓటు వేసే అలవాటు ఆ ప్రాంతానికి కొంత ఉన్నదనుకోవడానికి ఈ రెండు ఉదాహరణలు ఆధారమిస్తాయి. మెట్ట పొలాలు, వలస కూలీలు, కరవు నిండిన ఆ ప్రాంతం నాలుగుసార్లు వరసగా ఒకే మనిషిని సభకు పంపింది. మంత్రి పదవి లేకుండా, చాలాకాలం అధికార పార్టీ అండ కూడా లేకుండా సాగిన ఆ పదిహేనేళ్లలో ఆయన సంపాదించుకున్న ఆస్తి ఒక్కటే: సభా నియమాల మీద పట్టు, వాదనను అంచెలంచెలుగా నిర్మించే నేర్పు.

జాతీయ రాజకీయాల్లోకి ఆయన వేసిన తొలి అడుగు ఓటమితో మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ రాయబరేలీతో పాటు మెదక్ నుంచీ పోటీ చేసినప్పుడు ఆమెపై జనతా అభ్యర్థిగా నిలబడ్డారు. రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఇందిర రెండుచోట్లా గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. గెలుపు ఆశ లేని ఆ పోటీ ఆయన పేరును రాష్ట్రం దాటించింది. నాలుగేళ్ల తరువాత మహబూబ్‌నగర్‌లో తెలుగుదేశం మైత్రి తోడై ఆయనను లోక్‌సభకు చేర్చింది. ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 స్థానాలు గెలిచి, లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా అవతరించింది. కాంగ్రెస్‌కు ఇక్కడ మిగిలినవి ఆరే. కనుక మహబూబ్‌నగర్ గెలుపు పూర్తిగా వ్యక్తిగతమని చెప్పడం సరికాదు. దేశమంతటా వీచిన గాలికి ఎదురుగా, రాష్ట్రంలో వీచిన గాలితో పాటుగా వచ్చిన విజయమది.

ఎనిమిదో లోక్‌సభలో సంఖ్యాబలం ఏకపక్షంగా ఉంది. అటువంటి సభలో ఓటింగుతో సాధించగలిగేది ఏమీ ఉండదు. ప్రశ్నోత్తరాల సమయం, సావధాన తీర్మానం, సభానిబంధనల ప్రస్తావన, ఇవే ఆయుధాలు. మధు దండవతే వంటి అనుభవజ్ఞుల సరసన జైపాల్ రెడ్డి ఆ ఆయుధాలను వాడారు. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో బోఫోర్స్ ముడుపుల వార్తను ప్రసారం చేసిన తరువాత సభలో ప్రశ్నల వర్షం మొదలైంది. 1988లో పత్రికల నోరు కట్టేయడానికే తెచ్చారన్న విమర్శ మూటగట్టుకున్న పరువునష్టం బిల్లు లోక్‌సభలో నెగ్గింది. అయినా పాత్రికేయుల ఆందోళన, ప్రతిపక్షాల ఒత్తిడి కారణంగా దానిని ఉపసంహరించుకోక తప్పలేదు. 400 మంది సభ్యులున్న ప్రభుత్వం వెనక్కి తగ్గడం మాటకున్న బలానికి నిదర్శనం. ఢిల్లీ పాత్రికేయులు నిఘంటువు వెదుక్కునేలా ఉండే ఆయన ఇంగ్లీషు పదాలు నవ్వులకు కారణమైనా, ఆ పదాల వెనుక ఉన్న తర్కాన్ని వారు తేలికగా తీసుకోలేదు.

మాటకు బలం ఉన్నా ఓటుకు హామీ లేదని 1989 చూపింది. ఏ బోఫోర్స్ మీద ఆయన పోరాడారో ఆ అంశంపై దేశంలో రాజీవ్ ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశంపై వ్యతిరేకత వల్ల కాంగ్రెస్ 42లో 39 స్థానాలు గెలుచుకుంది. మహబూబ్‌నగర్‌లో జైపాల్ రెడ్డి ఓడిపోయారు. తాము కూల్చిన ప్రభుత్వం స్థానంలో తమ ప్రభుత్వం వచ్చినప్పుడు ఆయన లోక్‌సభ బయట ఉన్నారు. తరువాత రాజ్యసభ ద్వారా ఢిల్లీలో కొనసాగారు. 1991-92లో ఆ సభలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. జనతాదళ్ చీలికలు పేలికలవుతున్న ఆ కాలంలో ఆయన పార్టీకి, ఆపైన యునైటెడ్ ఫ్రంట్‌కు అధికార ప్రతినిధి అయ్యారు. పార్టీ కుంచించుకుపోయిన కొద్దీ దాని గొంతు పెద్దదిగా వినిపించిన విచిత్ర స్థితి అది.

1997లో ఐ.కె. గుజ్రాల్ మంత్రివర్గంలో సమాచార, ప్రసార శాఖ ఆయనకు దక్కింది. మొదటి శాసనసభ ఎన్నిక తరువాత మంత్రి పదవికి పట్టిన కాలం 28 ఏళ్లు. ప్రసార భారతి చట్టాన్ని 1990లోనే పార్లమెంటు ఆమోదించింది. ఏడేళ్లపాటు ఏ ప్రభుత్వమూ దానిని అమలులోకి తేలేదు. ఆకాశవాణి, దూరదర్శన్ చేతిలో ఉండడం ఏ పాలక పక్షానికైనా సుఖమే. ఈలోగా 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. జైపాల్ రెడ్డి మంత్రిగా ఉండగా 1997 సెప్టెంబరులో చట్టం అమలులోకి వచ్చింది, నవంబరులో ప్రసార భారతి సంస్థ ఏర్పడింది. చట్టాన్ని సవరిస్తూ ఒక ఆర్డినెన్స్ కూడా జారీ అయింది. 1998లో ప్రభుత్వం మారడంతో ఆ ఆర్డినెన్స్ చట్టం కాకుండానే కాలం చెల్లింది. నిధులు, సిబ్బంది విషయంలో సంస్థ నేటికీ ప్రభుత్వంపైనే ఆధారపడి ఉంది. స్వయంప్రతిపత్తి అసంపూర్ణంగానే మిగిలింది. అయినా ఆయన మంత్రిత్వంలో చరిత్ర గుర్తుంచుకోదగ్గ పని ఏదంటే ఇదే: చేతిలో ఉన్న అధికారాన్ని కొంతైనా వదులుకోవడానికి సంతకం చేయడం.

1998లో తెలుగుదేశం పొత్తుతో మహబూబ్‌నగర్ నుంచి మళ్లీ లోక్‌సభకు వచ్చారు. ఆ ఏడాది ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారమూ ఆయనకు దక్కింది. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే తెలుగుదేశం వాజపేయి ప్రభుత్వానికి విశ్వాస పరీక్షలో మద్దతిచ్చింది. ఏ మైత్రి తనను గెలిపించిందో ఆ మైత్రి అవతలి పక్షానికి చేరిపోయింది. 1999లో జనతాదళ్ కూడా బీజేపీ కూటమిలో చేరే విషయంపై రెండుగా చీలింది. జైపాల్ రెడ్డి ముందు మూడు దారులున్నాయి: బీజేపీ వైపు వెళ్లడం, అంతరించిపోతున్న గుంపులో ఉండిపోవడం, తాను ఎమర్జెన్సీ కారణంగా విడిచిన కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లడం. ఆయన మూడోది ఎంచుకున్నారు.

ఆ నిర్ణయాన్ని అవకాశవాదమన్నవారు ఉన్నారు. ఇందిరపై పోటీ చేసిన మనిషి ఆమె కోడలి నాయకత్వాన్ని అంగీకరించడం వారికి మింగుడుపడలేదు. 1977లో ప్రజాస్వామ్యానికి ప్రమాదం కాంగ్రెస్ నుంచి వచ్చిందని, 1999 నాటికి అది మతతత్వం నుంచి వస్తున్నదని ఆయన పక్షాన వాదించవచ్చు. ఒక లెక్క మాత్రం ఆయనకు అనుకూలంగానే ఉంది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో గాలి తెలుగుదేశం, బీజేపీ కూటమిది. కాంగ్రెస్‌కు వచ్చినవి ఐదు లోక్‌సభ స్థానాలే. అందులో ఒకటి మిర్యాలగూడ, అక్కడ గెలిచింది జైపాల్ రెడ్డి. అధికారం కోసమే పార్టీ మారేవారు సాధారణంగా గాలి వాటున వెళతారు. ఆయన రెండుసార్లు పార్టీ మారారు, రెండుసార్లూ రాష్ట్రంలో ఓడిపోతున్న పక్షంలోనే చేరారు.

2004 తరువాత పదేళ్లు ఆయన కేంద్రమంత్రి. సమాచార, ప్రసార శాఖ తరువాత పట్టణాభివృద్ధి శాఖ. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం, ఢిల్లీ మాస్టర్ ప్లాన్, మెట్రో విస్తరణ ఆ కాలానివే. 2010 కామన్వెల్త్ క్రీడల మంత్రుల బృందానికీ ఆయనే అధ్యక్షుడు. క్రీడలకు కొద్దిరోజుల ముందు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర పాదచారుల వంతెన కూలింది. నిర్వహణలో అవినీతి ఆరోపణలు వెల్లువెత్తాయి. ఒకప్పుడు బోఫోర్స్ మీద ప్రశ్నలు సంధించిన గొంతు ఇప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ పనిలో ఆయన మాటలకు పాత పదును కనిపించలేదు.

2011 జనవరిలో పెట్రోలియం శాఖ చేపట్టారు. 2012 మే నెలలో పెట్రోలు ధర ఒకేసారి ఏడు రూపాయలకు పైగా పెరిగింది. సెప్టెంబరులో డీజిలు లీటరుకు ఐదు రూపాయలు పెరిగింది, రాయితీ గ్యాస్ సిలిండర్లపై ఏడాదికి ఆరు అనే పరిమితి వచ్చింది. ఆ భారాల రాజకీయ బాధ్యత ఆయనది కూడా. ఆ శాఖలోనే ఆయన మరో నిర్ణయం తీసుకున్నారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 బ్లాకులో గ్యాస్ ఉత్పత్తి లక్ష్యాలకు చాలా దిగువన పడిపోయింది. ఆ కారణంగా 100 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి వ్యయాన్ని తిరిగి రాబట్టుకునే హక్కు ఉండదని 2012 మే నెలలో మంత్రిత్వ శాఖ రిలయన్స్‌కు నోటీసు ఇచ్చింది. అప్పటి గ్యాస్ ధరను గడువుకు ముందే పెంచాలన్న కోరికకూ ఆ శాఖ తలొగ్గలేదు. అక్టోబరు చివరలో జరిగిన మంత్రివర్గ మార్పుల్లో ఆయనను శాస్త్ర, సాంకేతిక శాఖకు పంపారు. అది సాధారణ మార్పేనన్నది ప్రభుత్వ వాదన, కార్పొరేట్ ఒత్తిడి ఫలితమన్నది ప్రతిపక్షాల ఆరోపణ. ఆయన బహిరంగంగా ఫిర్యాదు చేయలేదు. మరుసటి ఏడాది జూన్‌లో గ్యాస్ ధరను సుమారు రెట్టింపు చేసే సూత్రానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, ఎన్నికల కారణంగా అది అమలు కాలేదు.

ఈ ఘట్టంలోనే ఆయన రాజకీయ జీవితపు బలహీనత బయటపడుతుంది. మంత్రిని మార్చడానికి ముందు ప్రధాని ఆలోచించవలసినంత సొంత బలం ఆయనకు లేదు. ఆయన మాట మీద నిలబడే పాతికమంది ఎంపీలు లేరు, జిల్లాల్లో సొంత వర్గం లేదు. ముఖ్యమంత్రి పదవికి పేరు పలుమార్లు వినిపించినా అది వినికిడి దాటలేదు. నియోజకవర్గం కూడా స్థిరంగా నిలవలేదు: మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, పునర్విభజనలో మిర్యాలగూడ రద్దయ్యాక 2009లో చేవెళ్ల. 2014లో, ఆయన కోరుకున్న తెలంగాణ ఏర్పడిన ఎన్నికలోనే, మహబూబ్‌నగర్‌లో స్వల్ప తేడాతో తెలంగాణ రాష్ట్ర సమితి చేతిలో ఓడిపోయారు. 2019 జూలై 28న మరణించే వరకు మళ్లీ సభలో అడుగుపెట్టలేదు.

నాలుగుసార్లు శాసనసభ, ఐదుసార్లు లోక్‌సభ, రెండుసార్లు రాజ్యసభ. ఈ ప్రయాణం మొత్తానికి పునాది కల్వకుర్తి శాసనసభ్యుడిగా గడిపిన ఆ పదిహేనేళ్లు. ఆ శిక్షణ ఇచ్చే బడి ఇప్పుడు మూతపడుతోంది. ఏడాదికి నెలరోజులు కూడా సమావేశం కాని శాసనసభలు దేశంలో అనేకం. బడ్జెట్ పద్దులు చర్చ లేకుండానే ఆమోదం పొందుతున్నాయి, ప్రతిపక్ష సభ్యులను మూకుమ్మడిగా సస్పెండ్ చేయడం మామూలైంది. పార్లమెంటు సంగతి కూడా వేరుగా లేదు. మొదటి లోక్‌సభ 677 రోజులు సమావేశమైతే 17వ లోక్‌సభ సమావేశమైనది 274 రోజులు. ఇటువంటి సభలకు పంపే అభ్యర్థులను పార్టీలు ఎంచుకునేటప్పుడు కులం, ధనం, నాయకుడి పట్ల విధేయత చూస్తున్నాయి. సభలో మాట్లాడగలడా అన్న ప్రశ్న జాబితాలో చివరకు చేరింది.

1984లో మహబూబ్‌నగర్ ఒక ప్రతిపక్ష సభ్యుడిని ఎన్నుకున్నప్పుడు ఆయన ఏ చట్టాన్నీ ఆపలేడని ఓటర్లకు తెలుసు. ప్రభుత్వం జవాబు చెప్పవలసిన ప్రశ్న అడగగలడని కూడా తెలుసు. ఆ రెండో నమ్మకం మీదే జైపాల్ రెడ్డి జీవితం నడిచింది. ఈనాడు మరో కల్వకుర్తి నుంచి అటువంటి యువ శాసనసభ్యుడు బయలుదేరినా, అతను మాట్లాడడానికి శాసనసభ ఏడాదిలో ఎన్ని రోజులు తెరిచి ఉంటుందన్నదే ఓటర్లు పార్టీలను అడగవలసిన మొదటి ప్రశ్న.