బందరు బాట మీద ఉత్తరాల పరుగు

1652 వానాకాలంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే మచిలీపట్నంలో (బందరులో) ఓడ దిగాడు. గండికోటలో ఉన్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవాలని బయలుదేరి బెజవాడ (నేటి విజయవాడ) చేరేసరికి దారులు నీట మునిగాయి. కృష్ణ పొంగి పారుతోంది, ఆ వడికి పడవ నిలిచేలా లేదు. ఏరు తీసేదాకా ఆయన అక్కడే ఆగిపోవాల్సి వచ్చింది. ఆయన చూసిన ఆ దేశంలోనే కొందరికి మాత్రం వానపేరు చెప్పి ఆగే వీలు లేదు. వాళ్లు కాలినడకన ఉత్తరాలు మోసే పరుగువాళ్లు.

వాళ్ల పని తీరును తవెర్నియే తన ప్రయాణ గ్రంథంలో శ్రద్ధగా రాశాడు. గుర్రపు రౌతు కంటే కాలిమనిషే ఉత్తరాన్ని త్వరగా చేరుస్తాడన్నది ఆయన గమనించిన విశేషం. రెండు లీగులకొకటి, అంటే సుమారు ఎనిమిది కిలోమీటర్లకొకటి చొప్పున చిన్న గుడిసెలుండేవి. ఒక్కో గుడిసెలో ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండేవారు. వచ్చినవాడు ఉత్తరాన్ని గుమ్మం ముందు పడేసేవాడు. చేతికి అందిస్తే అశుభమని నమ్మకం. అవతలివాడు దాన్ని తీసుకుని ఆ క్షణమే పరుగందుకునేవాడు. చెట్లు లేని దారుల్లో అయిదువందల అంగల దూరానికొకటి చొప్పున రాళ్లు పాతి ఉండేవి. దగ్గరి ఊరివాళ్లు వాటికి అప్పుడప్పుడూ సున్నం కొట్టాలి. చీకటి రాత్రుల్లో, వానలో పరుగువాడికి దారి కనబడాలని ఆ ఏర్పాటు.

ఈ అంచె పద్ధతి గోల్కొండ కాలంలో పుట్టిందేమీ కాదు. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల కొలువులో ఉన్న ఇబ్న్ బతూతా కూడా గుర్రాల అంచె కంటే కాళ్ల అంచే వేగమని రాశాడు. పరుగువాడి చేతిలో ఉత్తరంతోపాటు గజ్జెలు కట్టిన కర్ర ఉండేదనీ, ఆ చప్పుడు విని ముందున్నవాడు సిద్ధమయ్యేవాడనీ ఆయన వర్ణన.

కృష్ణా డెల్టాకు ఈ వేగం ఎంతో అవసరం. డచ్చివాళ్లు, 1611 నుంచి ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో కోఠీలు పెట్టుకున్నారు. కలంకారీ బట్టలు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికే వజ్రాలు, గోల్కొండ దర్బారు ఫర్మానాలు అన్నీ ఉత్తరాల మీదే నడిచేవి. ఓడలు రుతుపవనాల గాలిని బట్టి కదులుతాయి. ఉత్తరం ఆలస్యమై ఓడ వెళ్లిపోతే, మళ్లీ అనువైన గాలి కోసం నెలల తరబడి ఎదురుచూడాలి.

గుర్రం కంటే మనిషి ఎందుకు నయమో ఈ నేలను చూస్తే తెలుస్తుంది. వాన పడితే నల్లరేగడి మోకాటిలోతు బురదవుతుంది. డెక్కలు దిగబడే చోట మనిషి గట్టు మీదుగా, చేల మధ్యగా దారి వెతుక్కోగలడు. ఎండాకాలం సంగతి వేరు. పరుగులో ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు మూడొంతులు వేడిగానే మారుతుంది. చెమట ఆరడం వల్లే ఆ వేడిలో ఎక్కువ భాగం బయటికి పోతుంది. బెజవాడ కొండల మధ్య వడగాలి వీచేటప్పుడు చెమట పుట్టింది పుట్టినట్టే ఆవిరై, ఒంట్లో నీరు తరిగిపోతుంది. బందరు వైపు సముద్రపు తేమలో అదే చెమట ఆరక ధారలు కడుతుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. ఒకే దారికి రెండు చివర్లలో ఇలా రెండు రకాల కష్టం. ఎనిమిది కిలోమీటర్లకు మనిషి మారితే, ఒంటి వేడి ప్రమాదం దాకా పెరగకముందే అతనికి విశ్రాంతి దొరుకుతుంది. అంచె పద్ధతిలోని అసలు బలం ఇదే.

1786లో మద్రాసులో జనరల్ పోస్టాఫీసు వచ్చాక ఈస్టిండియా కంపెనీ తపాలా కూడా ఈ పరుగువాళ్ల కాళ్ల మీదే సాగింది. ఉత్తరాదికి పోయే సంచులు కృష్ణనూ గోదావరినీ దాటక తప్పదు. తుపానుల భయం సరేసరి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఒక్క మచిలీపట్నం ప్రాంతంలోనే ముప్ఫై వేలమందిని బలి తీసుకుంది.

మార్పు నీళ్లతో మొదలైంది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, కాలువల్లో పడవలు తిరిగాయి. శతాబ్దం ముగిసేలోపే హైదరాబాదు వైపు నుంచి రైలు వచ్చింది, 1893లో కృష్ణ మీద రైలు వంతెన లేచింది. పెద్ద దారుల్లో పరుగువాళ్ల అవసరం తీరిపోయింది. వాళ్ల వృత్తి మారుమూల పల్లెలకూ మన్యానికీ పరిమితమైంది. ఎండావానల్లో ఒక వాణిజ్య ప్రపంచాన్ని మోసిన ఆ మనుషుల పేర్లు మాత్రం తవెర్నియే పుస్తకంలో లేవు.

వాళ్లకు అనుభవంతో తెలిసిన సంగతిని ఇప్పటి క్రీడాశాస్త్రం లెక్కల్లో చెబుతోంది. మారథాన్‌కు పది, పన్నెండు డిగ్రీల చలి అనువైనది. వేడి పెరిగేకొద్దీ అందరి వేగమూ తగ్గుతుంది, వెనుక పరిగెత్తేవాళ్లది మరీ తగ్గుతుంది. 2019లో దోహాలో ప్రపంచ చాంపియన్‌షిప్ మహిళల మారథాన్‌ను ఎండకు జడిసి అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా ముప్ఫై రెండు డిగ్రీలు దాటిన ఉక్కపోతలో 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గెలిచిన కెన్యా రన్నర్ రూత్ చెప్‌ఎన్‌గెటిచ్‌కు 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు పట్టింది. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను ఎండ కారణంగానే ఉత్తరాన ఉన్న సప్పొరోకు మార్చారు.

విజయవాడకు అలా తరలిపోయే చల్లని చోటు దగ్గర్లో లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ సరే, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కూడా ఇక్కడ ఆ పది డిగ్రీల చలి ఉండదు. కాబట్టి డెల్టా రన్నర్ తీసుకున్న సమయాన్ని చల్లని బెర్లిన్ మారథాన్ గడియారంతో పోల్చడం అన్యాయం. ఇక్కడ పరుగు పోటీలు పెట్టేవాళ్లు ఫలితాల పట్టికలో ప్రతి సమయం పక్కనా ఆ ఉదయపు ఉష్ణోగ్రతనూ, గాలిలోని తేమనూ అచ్చువేయాలి. పోటీ ఆపేయాల్సిన వేడి ఎంతో ముందే ప్రకటించాలి. నీళ్లూ, నీడా, వైద్యుడూ ఉండే మజిలీలను ఆ వేడిని బట్టే దగ్గర దగ్గరగా ఏర్పాటు చేయాలి.