పాటల జాబితా ద్వారా నగర చరిత్ర: లివర్‌పూల్ బీట్ బృందాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• 1957-66 మధ్య లివర్‌పూల్ నగరంలో బీట్ సంగీతం పుట్టడానికి దారితీసిన సామాజిక, ఆర్థిక కారణాలను వివరించగలుగుతారు.
• గ్రామఫోన్ రికార్డు, టేపు, స్థానిక పత్రిక, జ్ఞాపకం అనే ఆకరాల విలువను, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• అంతగా పేరు రాని బృందాలతో ఒక పాటల జాబితాను చారిత్రక పద్ధతిలో కూర్చగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

బీటిల్స్ బృందం పేరు మనలో చాలామంది విన్నదే. ఆ నలుగురూ లివర్‌పూల్ వాళ్లని కూడా తెలిసే ఉంటుంది. అయితే వాళ్లు పాడుతున్న రోజుల్లో అదే నగరంలో వందలకొద్దీ బృందాలు ఉండేవి. వాళ్లూ అవే వేదికల మీద, చాలాసార్లు అవే పాటలు పాడారు. కొందరికి బీటిల్స్ కంటే ముందే పేరు వచ్చింది. ఇవాళ వాళ్ల పేర్లు ఆ సంగీతంపై ప్రత్యేక ఆసక్తి ఉన్నవారికి తప్ప తెలియవు.

ఇప్పుడు ఫోన్‌లో పాటల జాబితా, అంటే ప్లేలిస్ట్, తయారుచేయడం ప్రతి ఒక్కరికీ అలవాటే. మనకు నచ్చిన పాటలు వరుసగా పెట్టుకుంటే సరిపోతుంది. కానీ “ఇది ఈ నగర గతం” అని చెప్పి ఒక జాబితా ఇస్తే అది చరిత్ర రచన అవుతుంది. ఏది చేర్చాం, ఏది వదిలేశాం, ఎందుకు అన్న ప్రశ్నలకు అప్పుడు మనం జవాబు చెప్పాలి. ఈ భాగంలో లివర్‌పూల్‌ను ఉదాహరణగా తీసుకొని ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

9.2 నగర నేపథ్యం

లివర్‌పూల్ ఇంగ్లండ్ వాయవ్య తీరంలో మెర్సీ నది ముఖద్వారం దగ్గరున్న ఓడరేవు. 1715లో అక్కడ మొదటి డాక్ ప్రారంభమైంది. 18వ శతాబ్దం చివరికి బ్రిటన్ బానిస వ్యాపారంలో ఈ రేవుదే పెద్ద వాటా. 1807లో పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించిన తరువాత లాంకషైర్ మిల్లులకు పత్తి దిగుమతి, వలసదారుల ప్రయాణాలు నగరాన్ని పోషించాయి. 1840లలో ఐర్లండ్ కరువు వేలాది కుటుంబాలను ఇక్కడికి చేర్చింది. పశ్చిమ ఆఫ్రికా, కరీబియన్ దీవులు, చైనా నుంచి వచ్చిన నావికుల కుటుంబాలు కూడా ఇక్కడ స్థిరపడ్డాయి. ఈ నగరంలోని నల్లజాతి సమాజం బ్రిటన్‌లోని అతి పాత సమాజాలలో ఒకటి. వారు ఎక్కువగా ‘లివర్‌పూల్ 8’ అనే తపాలా మండలంలో, అంటే టాక్స్‌టెత్ ప్రాంతంలో, నివసించారు.

1950ల చివర యువకుల చేతికి గిటార్లు రావడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది స్కిఫిల్ సంగీతం. 1956లో లోనీ డోనెగన్ పాట విజయం పొందాక, తక్కువ ఖరీదు గిటార్, బట్టలుతికే రేకుపలక, టీ పెట్టెతో చేసిన బాస్ వాద్యం ఉంటే ఎవరైనా బృందం పెట్టవచ్చని తేలింది. రెండవది వాయిదాల పద్ధతి. కార్మిక కుటుంబాల పిల్లలు కూడా నెలనెలా కొంత కట్టి వాద్యాలు కొనగలిగారు. మూడవది నిర్బంధ సైనిక సేవ ముగింపు. 1960తో కొత్తవారిని పిలవడం ఆగిపోయింది. దాంతో పద్దెనిమిదేళ్లు నిండగానే బృందం చెదిరిపోయే పరిస్థితి పోయింది.

వేదికలు కూడా పెరిగాయి. మాథ్యూ వీధిలోని ఒక గోదాము నేలమాళిగలో 1957 జనవరి 16న కావెర్న్ క్లబ్ ప్రారంభమైంది. అది మొదట జాజ్ క్లబ్, తరువాతే బీట్ సంగీతానికి మారింది. 1959 ఆగస్టు 29న మోనా బెస్ట్ అనే గృహిణి వెస్ట్ డెర్బీలోని తన ఇంటి కింది గదుల్లో కాస్బా కాఫీ క్లబ్ తెరిచారు. ఆమె ఢిల్లీలో పుట్టారు. ఆమె కుమారుడు పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో జన్మించాడు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా మద్రాసే రాజధాని. 1945లో ఆ కుటుంబం ఓడలో లివర్‌పూల్ చేరింది. 1960 నుంచి 1962 ఆగస్టు వరకు బీటిల్స్ డ్రమ్మర్ ఆయనే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
లివర్‌పూల్‌లో యువ బృందాలు పెరగడానికి గల మూడు కారణాలను పేర్కొనండి.

9.3 ఆకరాలు - వాటి పరిమితులు

9.3.1 గ్రామఫోన్ రికార్డు

పాటల జాబితాకు మొదటి ఆకరం రికార్డు. కానీ రికార్డు ఉందంటే ఎవరో డబ్బు పెట్టారని అర్థం. ఆనాటి పెద్ద కంపెనీలన్నీ లండన్‌లో ఉండేవి. 1963లో బీటిల్స్ విజయం తరువాతే వాటి ప్రతినిధులు బృందాల కోసం లివర్‌పూల్‌కు వరుసకట్టారు. అంతకుముందే విడిపోయిన బృందాల పాట చాలావరకు గాలిలో కలిసిపోయింది. కాబట్టి విడుదలైన రికార్డులనే నమ్ముకుంటే, నగరంలో సంగీతం 1963లో హఠాత్తుగా మొదలైనట్లు కనిపిస్తుంది. అది నిజం కాదు.

రికార్డు మీద ఉన్నది కూడా వేదిక మీది ధ్వని కాకపోవచ్చు. బిగ్ త్రీ బృందం ముగ్గురే వాయించినా, పెద్ద ధ్వనితో హాలును దద్దరిల్లజేస్తుందని పేరు. 1963లో డెక్కా కంపెనీ వాళ్ల స్టూడియో సింగిల్‌తో పాటు కావెర్న్‌లో ప్రేక్షకుల మధ్య రికార్డు చేసిన నాలుగు పాటల ప్లేటును కూడా విడుదల చేసింది. రెండూ వెంటవెంటనే వింటే స్టూడియో ఏం తీసేసిందో తెలుస్తుంది. చరిత్ర విద్యార్థికి రెండవదే ఎక్కువ పనికొస్తుంది.

9.3.2 ఇళ్లలో మిగిలిన టేపులు

రోరీ స్టార్మ్ అండ్ ది హరికేన్స్ 1960 ప్రాంతంలో నగరంలోని అగ్ర బృందాలలో ఒకటి. తరువాత బీటిల్స్‌లో చేరిన రింగో స్టార్ 1962 ఆగస్టు వరకు ఈ బృందంలోనే డ్రమ్స్ వాయించాడు. వాళ్ల కాలంలో విడుదలైన సింగిల్స్ రెండే, అవి కూడా 1963, 1964లలో, రింగో వెళ్లిపోయాక వచ్చాయి. రోరీ 1972లో మరణించాడు. చాలాకాలం తరువాత 1960 మార్చిలో క్రాస్బీలోని జైవ్ హైవ్ అనే హాలులో చేసిన టేపు ఆయన సోదరి దగ్గర బయటపడింది. 2012లో అది విడుదలైంది. అయిదు దశాబ్దాలు ఎవరికీ వినబడని ఆ టేపు వల్ల, బీటిల్స్ హాంబర్గ్ వెళ్లకముందే ఈ నగరంలో బృందాలు ఏం పాడేవో, ఎలా పాడేవో మనకు తెలిసింది. ఒక ఇంట్లో ఒకరు పాత పెట్టె పారేయకపోవడం వల్లే ఈ ఆధారం దక్కింది.

9.3.3 స్థానిక పత్రిక

బిల్ హారీ అనే యువకుడు 1961 జులై 6న ‘మెర్సీ బీట్’ పత్రిక ప్రారంభించాడు. కార్యక్రమాల ప్రకటనలు, బృంద సభ్యుల పేర్లు, ఛాయాచిత్రాలు అందులో ఉంటాయి. రికార్డు చేయని బృందాలకు తరచుగా ఇదే ఏకైక ఆధారం.

అయితే పత్రికను కూడా పరీక్షించాలి. 1962 జనవరిలో ప్రకటించిన పాఠకుల ఓటింగులో బీటిల్స్‌కు మొదటి స్థానం, రోరీ స్టార్మ్ బృందానికి నాలుగవ స్థానం దక్కాయి. ఎక్కువ ఓట్లు రోరీ బృందానికే వచ్చాయనీ, ఒకే ఆకుపచ్చ సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్న పత్రాలను పక్కన పెట్టడంతో స్థానం మారిందనీ సంపాదకుడు తరువాత చెప్పాడు. బీటిల్స్ కూడా తమకు తామే ఓట్లు వేసుకున్నారని ఆయనే చెప్పాడు. అచ్చయిన పట్టిక వెనుక ఇంత జరిగింది. అందువల్ల ఆ ఫలితాన్ని ప్రజాదరణకు కొలతగా కాక, బృందాల మధ్య పోటీకి సాక్ష్యంగా తీసుకోవడం మంచిది.

9.3.4 జ్ఞాపకం

అట్లాంటిక్ ఓడల్లో పనిచేసే నావికులు న్యూయార్క్ నుంచి తెచ్చిన రికార్డుల వల్లే లివర్‌పూల్ బృందాలకు అమెరికన్ పాటలు తెలిశాయని ఒక కథ ప్రచారంలో ఉంది. రేవు నగరానికి సరిపోయే కథ కాబట్టి అందరికీ నచ్చింది. నావికులు రికార్డులు తెచ్చిన మాట వాస్తవమే. కానీ ఆ బృందాలు పాడిన అమెరికన్ పాటల్లో చాలావరకు బ్రిటన్‌లోనే విడుదలై నగర దుకాణాల్లో దొరికేవి. జ్ఞాపకాన్ని కొట్టిపారేయకూడదు. అలాగని విడుదల తేదీలతో పోల్చిచూడకుండా అంగీకరించనూ కూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
‘మెర్సీ బీట్’ పాఠకుల ఓటింగు ఫలితాన్ని చరిత్రకారుడు ఎలా ఉపయోగించాలి?

9.4 ఎవరు మిగిలారు, ఎవరు మరుగుపడ్డారు

బృందాలు మరుగుపడటానికి ప్రతిభ లేకపోవడమే కారణమని అనుకోవడం సులభం. కింది మూడు ఉదాహరణలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

ఫారన్స్ ఫ్లెమింగోస్ బృందం ‘డు యు లవ్ మి’ పాటను 1963లో ఓరియోల్ కంపెనీకి రికార్డు చేసింది. కంపెనీ దాన్ని సింగిల్ రెండవ వైపున వేసింది. అదే ఏడాది లండన్ ప్రాంతానికి చెందిన మరో బృందం అదే పాటతో మొదటి స్థానానికి చేరింది. ఇక్కడ ఫలితాన్ని నిర్ణయించినవి కంపెనీ స్తోమత, దాని నిర్ణయం.

చాంట్స్ లివర్‌పూల్ 8కు చెందిన అయిదుగురు నల్లజాతి యువకుల గాన బృందం. వాద్యాలు లేకుండా గొంతులు కలిపి పాడటం వాళ్ల ప్రత్యేకత. 1962 నవంబరులో కావెర్న్‌లో వాళ్లు పాడినప్పుడు వెనుక వాయించింది బీటిల్స్. 1963 నుంచి కొన్ని సింగిల్స్ వచ్చాయి, ఒక్కటీ విజయం పొందలేదు. గిటార్ పట్టిన నలుగురు తెల్లజాతి కుర్రాళ్లే ‘లివర్‌పూల్ ధ్వని’ అని పరిశ్రమ ఒక మూస తయారుచేసుకున్నప్పుడు, ఆ మూసలో వీరికి చోటు దొరకలేదు. చాంట్స్ గాయకుడు ఎడ్డీ అమూ తరువాత తమ్ముడితో కలిసి రియల్ థింగ్ బృందంలో పాడాడు. ఆ బృందం 1976లో బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. అంటే పదమూడేళ్లు పట్టింది.

లివర్‌బర్డ్స్ నలుగురు యువతుల బృందం. పాడటమే కాక గిటార్లు, బాస్, డ్రమ్స్ తామే వాయించారు. ఆ రోజుల్లో అది అరుదు. 1964లో హాంబర్గ్‌లోని స్టార్ క్లబ్‌కు వెళ్లి, అక్కడే రెండు ఎల్.పి.లు చేసి, జర్మనీలో మంచి పేరు సంపాదించారు. స్వదేశంలో మాత్రం చాలాకాలం వాళ్ల ప్రస్తావన లేదు. నగర చరిత్రకు సంబంధించిన ఆధారం ఆ నగరంలోనే ఉండాలని లేదని దీన్నిబట్టి గ్రహించాలి.

9.5 ఒక నమూనా జాబితా

పాటలను ఇష్టాన్నిబట్టి కాక రికార్డు చేసిన కాలక్రమంలో పెట్టాలి. ప్రతి పాట పక్కన సంవత్సరం, స్థలం, చేర్చడానికి కారణం రాయాలి.

1. రోరీ స్టార్మ్ అండ్ ది హరికేన్స్ - జైవ్ హైవ్ టేపులోని ఏదైనా పాట, క్రాస్బీ, 1960. కారణం: కంపెనీలు రాకముందటి ధ్వని.
2. హోవీ కేసీ అండ్ ది సీనియర్స్ - ‘ట్విస్ట్ ఎట్ ది టాప్’ ఎల్.పి. నుంచి, 1962. కారణం: హాంబర్గ్‌కు వెళ్లిన మొదటి లివర్‌పూల్ బృందం. గాయకుడు డెరీ విల్కీ నల్లజాతీయుడు.
3. బిగ్ త్రీ - కావెర్న్ ప్లేటు నుంచి, 1963. కారణం: వేదిక, ప్రేక్షకులు వినబడతారు.
4. ఫారన్స్ ఫ్లెమింగోస్ - ‘డు యు లవ్ మి’, 1963. కారణం: కంపెనీ నిర్ణయాల ప్రభావం.
5. చాంట్స్ - ‘ఐ డోంట్ కేర్’, 1963. కారణం: మూసలో ఇమడని నగరం.
6. పీట్ బెస్ట్ ఫోర్ - డెక్కా సింగిల్, 1964. కారణం: బీటిల్స్ నుంచి తొలగించిన తరువాతి జీవితం.
7. లివర్‌బర్డ్స్ - ‘డిడ్లీ డాడీ’, హాంబర్గ్. కారణం: స్త్రీలు, వలస.
8. రియల్ థింగ్ - ‘చిల్డ్రన్ ఆఫ్ ది ఘెట్టో’, 1977. కారణం: కాలపరిధి దాటినా చాంట్స్ కథకు కొనసాగింపు.
9. ఖాళీ. పత్రిక ప్రకటనల్లో పేరు తప్ప పాట మిగలని బృందాలకు.

తొమ్మిదవ స్థానం చమత్కారం కోసం పెట్టింది కాదు. జాబితా వినేవారు ఇదే మొత్తం అనుకోకుండా ఉండటానికి పెట్టింది. శాసనాలు దొరకని శతాబ్దాన్ని చరిత్ర లేని శతాబ్దం అనం గదా, ఇదీ అలాగే.

1963లో ఓరియోల్ కంపెనీ టాక్స్‌టెత్ అంచునున్న రియాల్టో హాలులో రికార్డింగ్ పరికరాలు పెట్టి అనేక బృందాలను రికార్డు చేసి ‘దిస్ ఈజ్ మెర్సీ బీట్’ పేరుతో రెండు సంపుటాలు తెచ్చింది. ఆ భవనం 1981 జులై అల్లర్లలో తగలబడింది. కావెర్న్‌ను 1973లో భూగర్భ రైలు పనుల కోసం మూసివేసి, పైనున్న గోదామును కూల్చారు. 1984లో మళ్లీ కట్టారు. నేడు పర్యాటకులు చూసేది ఈ కొత్త కట్టడాన్నే. కట్టడాలు పోయిన చోట ఆ ప్లేట్లే గోడలకు సాక్ష్యంగా మిగిలాయి.

9.6 కృత్యం

మన పట్టణాల్లోనూ పెళ్లిళ్లలో, వినాయక చవితి, శ్రీరామనవమి పందిళ్లలో పాడిన సినీ ఆర్కెస్ట్రాలు, లలిత సంగీత బృందాలు, బ్యాండు మేళాలు ఉన్నాయి. వాటిలో అధికభాగం రికార్డు చేయలేదు. మీ ఊళ్లో అటువంటి బృందంలో పనిచేసిన ఒకరిని కలవండి. బృందం పేరు, సభ్యులు, వాద్యాలు, పాడిన చోట్లు, తీసుకున్న పారితోషికం అడిగి రాసుకోండి. కరపత్రం, ఫొటో, క్యాసెట్ ఉంటే అనుమతి తీసుకొని నకలు చేసి, అసలును వారికే తిరిగి ఇవ్వండి. వారు చెప్పిన సంవత్సరాన్ని కనీసం మరొక ఆధారంతో సరిచూడండి. ఈ పని వాయిదా వేయవద్దు. క్యాసెట్ టేపుకు బూజు పడుతుంది, మనుషులకు వయసు మీదపడుతుంది.

9.7 సారాంశం

లివర్‌పూల్ బీట్ సంగీతం స్కిఫిల్, వాయిదాల కొనుగోళ్లు, సైనిక సేవ ముగింపు, కొత్త వేదికల వల్ల విస్తరించింది. రికార్డులు కంపెనీల ఎంపికను, పత్రికలు పోటీని, జ్ఞాపకాలు ఇష్టాన్ని ప్రతిబింబిస్తాయి. ఒకదానితో మరొకటి సరిచూసినప్పుడే అవి ఆకరాలుగా ఉపయోగపడతాయి. జాతి, స్త్రీ పురుష భేదం, పెట్టుబడి కారణంగా మరుగుపడినవారిని చేర్చి, ఖాళీలను ఒప్పుకొన్న జాబితానే చరిత్రకారుని జాబితా.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. నగర సంగీత చరిత్రకు లభించే ఆకరాలను, వాటి పరిమితులను లివర్‌పూల్ ఉదాహరణతో చర్చించండి.
2. “మరుగుపడటానికి ప్రతిభాలోపమే కారణం కాదు.” చాంట్స్, లివర్‌బర్డ్స్ బృందాల ఆధారంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. జైవ్ హైవ్ టేపు ప్రాముఖ్యం ఏమిటి?
2. నావికుల రికార్డుల కథను ఎలా సరిచూడాలి?
3. జాబితాలో ఒక స్థానం ఖాళీగా ఉంచడం ఎందుకు అవసరం?