చిందుకూరు కుర్రాడి షికాగో చదువు

కర్నూలులో నంద్యాల రోడ్డెక్కి ఓర్వకల్లు చేరేసరికి రాళ్లు మొదలవుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేసినట్టుండే ఆ బండల మధ్య రాక్ గార్డెన్ వచ్చింది. ఊరికి ఎడంగా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం, 2021 మార్చిలో మొదలైంది. ఇంకోపక్క శకునాల, గని పొలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పలకలు ఎండను తాగుతుంటాయి. డిసెంబరులో ఈ దారిన పోతే మరొకటి కనబడుతుంది. పల్లెల్లో కొన్ని ఇళ్ల ముందు వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితం అతికించి, లోపల బల్బు వేలాడదీసిన నక్షత్రాలు.

మొన్న ఓర్వకల్లు బస్టాండు దగ్గర టీ అంగట్లో కూర్చుంటే పక్క బల్ల మీద ఒకావిడ. ఒళ్లో రంగు కాగితాల చుట్ట, దారపుండ, రెండు బల్బులు. ఎవరికమ్మా అంటే, “మా ఇంటికే సార్. పాప వచ్చినాంక కడదామనుకుంటి. అది వచ్చే పొద్దుకు పండగే అయిపోతాది” అంది. పాప బెంగుళూరులో ఫాదర్లు నడిపే యూనివర్సిటీలో బీకాం మొదటి సంవత్సరం. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. ఆవిడ మాటల మధ్య నా మనసు పక్క మండలం మీదికి పోయింది. అక్కడి చిందుకూరులో అరవై ఏళ్ల కింద మొదలైన ఇంకో చదువు కథ గుర్తుకొచ్చింది.

ఏడాది చివర్లో ప్రపంచమంతటా కతోలిక విశ్వవిద్యాలయాలు తమ లెక్క చెప్పుకుంటాయి. పరిశోధనకు వచ్చిన నిధులు, గెలిచిన కప్పులు, పూర్వ విద్యార్థులు ఎక్కిన మెట్లు. ఈ 2025 లెక్క మామూలుది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర, అగస్టీనియన్ సభ గురువులు 1842లో స్థాపించిన విల్లనోవా విశ్వవిద్యాలయంలో 1977లో గణితం డిగ్రీ తీసుకున్న విద్యార్థి మే 8న పోప్ అయ్యారు. ఆయనే 14వ లియో. షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయం ఇదే ఏడాది అక్టోబరులో తన బాస్కెట్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి ప్రార్థన చెప్పిన సిస్టర్ జీన్‌ను పోగొట్టుకుంది. ఆమె వయసు 106 ఏళ్లు. ఆ లొయోలా పద్దుల్లోనే మన వైపు పద్దు కూడా ఒకటుంది. దాన్ని మనమే సరిగ్గా చెప్పుకోలేదని నా బాధ.

గడివేముల మండలం చిందుకూరులో 1961 నవంబరు 15న పూల ఆంథోనీ పుట్టారు. అప్పటికి కర్నూలు మేత్రాసనం (బిషప్ పరిధి) లేదు, అంతా నెల్లూరు కింద ఉండేది. కర్నూలు 1967లో వేరుపడింది, కడప 1976లో. మిల్ హిల్ సభ గురువులు ఆ కాలానికే ఈ మెట్ట పల్లెల్లో తిరిగి తిరిగి ముసలివాళ్లయ్యారు. ఫాదరు ఏ నెలకో రెండు నెలలకో బండి మీద వచ్చి పూజ చేసి పోతే, మిగతా రోజుల్లో గుడి గంట కొట్టడం, జపమాల చెప్పించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఊరి ఉపదేశి పని. చాలా దళితవాడల్లో మొదటి పలక, మొదటి బలపం ఆ ఉపదేశి చేతి నుంచి వచ్చినవే.

దళిత కుటుంబంలో పుట్టిన ఆంథోనీకి ఏడో తరగతితో చదువు ఆగింది. కారణం పేదరికం. మెట్ట ఊళ్లో అది వార్త కాదు. వాన తప్పిన ఏడు బడి మానిన పిల్లలను లెక్కబెట్టిన వాళ్లెవరు? ఆగిన ఆ చదువును మిషనరీలు మళ్లీ పట్టాలెక్కించారు. నూజివీడులో చిన్న గురువిద్యాలయం, తర్వాత బెంగుళూరు సెయింట్ పీటర్స్‌లో తత్వశాస్త్రం, వేదాంతం. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువయ్యారు. బద్వేలు లాంటి విచారణల్లో (పారిష్‌లలో) పనిచేశారు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న దళితులు బీసీ-సి కింద వస్తారు, వాళ్ల వాటా ఒక్క శాతం. వాడలో అదే గోడ, బావి దగ్గర అదే చూపు, కాగితం మీద మాత్రం వేరే కులం. ఎస్సీ రిజర్వేషను అనే మెట్టు తీసేసిన చోట, ఫాదర్ల బోర్డింగు బడి ఒక్కటే నిచ్చెన అయిన ఇళ్లు వేలల్లో ఉంటాయి. ఆ బోర్డింగుల్లో మెతుకు లెక్కబెట్టి తిన్న పిల్లలే తర్వాత టీచర్లు, నర్సులు, ఫాదర్లు అయ్యారు.

2001లో ఫాదర్ ఆంథోనీ షికాగో వెళ్లారు. అక్కడి విచారణలో పనిచేస్తూనే లొయోలా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదివారు, కంప్యూటరు కోర్సులు చేశారు. లొయోలాది యేసు సభ, అంటే జెసూట్లది. 1870లో ఆర్నాల్డ్ డామెన్ అనే గురువు వలస వచ్చిన బీద కుటుంబాల నగరంలో సెయింట్ ఇగ్నేషియస్ కాలేజీగా మొదలుపెట్టింది, 1909లో విశ్వవిద్యాలయం అయింది. మిషిగన్ సరస్సు ఒడ్డున దాని భవనాలు. నీటి చుక్క కోసం ఆకాశం చూసే నేల నుంచి పోయిన మనిషికి, అవతలి ఒడ్డు కనబడని ఆ మంచినీళ్లు ఎలా తోచాయో!

యేసు సభకూ రాయలసీమకూ బంధం షికాగోలో మొదలు కాలేదు. దాని వయసు మూడు వందల ఏళ్లు. 18వ శతాబ్దంలో పుదుచ్చేరి నుంచి బయల్దేరిన ఫ్రెంచి గురువులు పుంగనూరు మీదుగా, అనంతపురం వైపు కృష్ణాపురం దాకా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. వాళ్లలో కెర్డూ అనే ఆయన 1732లో ఇక్కడికి వచ్చి, మళ్లీ తన దేశం పోకుండా 1779లో పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కట్టారు. 1742లో బట్టల మీద రంగుల అద్దకం ఎలా చేస్తారో దశలవారీగా ఫ్రాన్సుకు ఉత్తరం రాశారు. ఆ గుట్టు ఆయనకు చెప్పింది, కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన అద్దకం పనివాళ్లు. కరక్కాయ నీళ్లలో ఎంతసేపు నానబెట్టాలి, ఏ దశలో ఎండబెట్టాలి, ఎరుపు ఏ వేరు నుంచి వస్తుంది, ఇవన్నీ వాళ్ల నోటి నుంచి విని రాసుకున్నవే.

అంతకన్నా పెద్ద సంగతి 1767 నాటిది. సంస్కృతంలో ఇన్ని మాటలు లాటిన్, గ్రీకు మాటలతో ఎందుకు కలుస్తున్నాయని ఆయన ఫ్రాన్సులోని శాసనాల, సాహిత్యాల అకాడెమీకి రాశారు. మన దానం వాళ్ల దోనుమ్, మన విధవ వాళ్ల విదువా. విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట 1786లో చెప్పి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. కెర్డూ ఉత్తరం అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. ఈలోగా 1773లో పోప్ యేసు సభనే రద్దు చేశారు. సీమలో వాళ్లు దున్నిన పొలం బీడు పడింది. సభ 1814లో మళ్లీ ప్రాణం పోసుకుంది.

నాకు తోచేదేమిటంటే, యేసు సభ వాళ్లు ఇక్కడ ముందు బోధకులు కాదు, విద్యార్థులు. తెలుగు పండితుల దగ్గర, అద్దకం పనివాళ్ల దగ్గర కింద కూర్చుని నేర్చుకున్నారు. రెండున్నర శతాబ్దాలు గడిచాక సీమ కుర్రాడు వాళ్ల విశ్వవిద్యాలయంలో కూర్చుని చదివాడు. బాకీ తీరిందనను, రాకపోకలు సాగుతున్నాయంటాను.

తెలుగు నేల మీద కతోలిక కాలేజీలు ఎక్కువగా కోస్తాలో, హైదరాబాదులో లేచాయి. జేఎంజే సిస్టర్లు నెదర్లాండ్స్ నుంచి 1904లో గుంటూరు వచ్చి, 1953లో ఏలూరులో సెయింట్ థెరిసాస్ మహిళా కాలేజీ పెట్టారు. విజయవాడ ఆంధ్రా లొయోలా కూడా అప్పటిదే. విశాఖ సెయింట్ జోసెఫ్స్ 1958, బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ 1959, విజయవాడ మారిస్ స్టెల్లా 1962. పులివెందుల నుంచి వెళ్లిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆంధ్రా లొయోలాలో చదివిన వాడే. సీమ పిల్లలకు మాత్రం కోస్తా కన్నా బెంగుళూరే దగ్గర. అక్కడ ఫ్రెంచి గురువులు 1882లో పెట్టిన సెయింట్ జోసెఫ్స్ 2022లో విశ్వవిద్యాలయమైంది. 1969లో మొదలైన క్రైస్ట్ కాలేజీకి 2008లో డీమ్డ్ హోదా వచ్చింది.

ఫాదర్ ఆంథోనీ షికాగోలోనే ఉండిపోయి ఉండొచ్చు. ఉండలేదు. తిరిగొచ్చి కడప మేత్రాసనంలో విద్యా కార్యదర్శిగా, బీద పిల్లలకు దాతలను జతచేసే సంస్థ బాధ్యుడిగా పనిచేశారు. ఏడో తరగతితో బడి మానిన మనిషి చేతికి, బడి మానబోయే పిల్లల దరఖాస్తులు వచ్చాయన్నమాట. ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆపేది ఈ కొన్నేళ్లే. పదవులు ఆ తర్వాత వచ్చాయి. 2008లో కర్నూలు మేత్రాణులు. పన్నెండేళ్ల తర్వాత హైదరాబాదు అగ్రపీఠం. 2022 ఆగస్టు 27న రోములో కార్డినల్ టోపీ. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి గడివేముల నంద్యాలకు పోయింది, ఓర్వకల్లు కర్నూలులో మిగిలింది. దాంతో ఆ గొప్ప మాది అనుకునే జిల్లాలు ఇప్పుడు రెండు.

2025 మే 7న సిస్టీన్ ప్రార్థనాలయంలోకి 133 మంది కార్డినల్స్ వెళ్లి తలుపులు వేసుకున్నప్పుడు వాళ్లలో చిందుకూరు మనిషి ఉన్నారు. మరునాడు తెల్ల పొగ వచ్చింది. ఎన్నికైన 14వ లియో షికాగోలో పుట్టినవారు. అగస్టీనియన్ సభ పెద్దగా ఎన్నికై 2001లో ఆయన షికాగో నుంచి రోముకు కదిలారు, అదే ఏడాది మన ఫాదరు షికాగో చేరారు. విల్లనోవా పట్టా ఉన్న మనిషి, లొయోలా పట్టా ఉన్న మనిషి ఇరవై నాలుగేళ్లకు ఒకే గదిలో చేరారు.

టీ అంగట్లో ఈ కథంతా చెబితే ఆవిడ విన్నది. “మా కర్నూలు బిషప్పే కదా సార్, మా పాపకు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఇచ్చింది ఆయనే” అంది, ఇంట్లో మనిషిని గురించి చెప్పినట్టు. ఫీజు సంగతి అడిగాను. “సంఘంలో తీసినా. నెల నెలా కడతాండా.” ఓర్వకల్లు పొదుపు సంఘాలకు పేరున్న మండలం. రోజుకో రూపాయి దాచి, ఆడవాళ్లు బ్యాంకులను తమ గడపకు రప్పించుకున్న చోటు. సంచిలోంచి పాస్‌పుస్తకం తీసి చూపించింది. జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక్క నెలా తప్పలేదు, ప్రతి గళ్లోనూ సంతకం.

తిరిగిస్తూ వెనక పక్క తిప్పాను. అట్ట లోపలి వైపు బాల్ పెన్నుతో ఆరు సబ్జెక్టుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, వాటికెదురుగా మార్కులు. మొదటి సెమిస్టర్ ఫలితం వచ్చిన రాత్రి పాప ఫోన్లో ఒక్కొక్కటీ చెబుతుంటే, ఎదురింటి పిల్లోడి చేత రాయించిందట.

బస్సొచ్చింది. రంగు కాగితాలు నలగకుండా తలకు పైకెత్తి పట్టుకుని ఎక్కింది.