ఛాతీ ధమనుల లోపాలకు హైబ్రిడ్ శస్త్రచికిత్స: విధానమేమిటి, ఎవరికి అవసరం, అండమాన్ వాసులు గమనించవలసినదేమిటి?

గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని ఛాతీ పైభాగంలో చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముకను ఆనుకుని కిందికి దిగుతుంది. తలకు, చేతులకు రక్తాన్ని చేరవేసే శాఖలన్నీ ఆ వంపు నుంచే మొదలవుతాయి. కొందరిలో ఈ శాఖల అమరిక పుట్టుకతోనే భిన్నంగా ఉంటుంది. శాఖ మొదలయ్యే చోట ధమని ఉబ్బితే, అది పగిలి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదముంది. దశాబ్దాల పాటు దీనికి ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్స ఒక్కటే మార్గంగా ఉండేది. ఇప్పుడు తగిన రోగులకు మెడ వద్ద చిన్న కోతతో బైపాస్ చేసి, తొడ మొదట్లోని ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్‌ను పంపి చికిత్స చేస్తున్నారు. తెరిచి చేసే పద్ధతిని, రక్తనాళం లోపలి నుంచి చేసే పద్ధతిని కలిపిన ఈ విధానమే హైబ్రిడ్ శస్త్రచికిత్స.

లోపం ఎలా ఏర్పడుతుంది?

గర్భస్థ శిశువులో ధమనీ వంపులు తొలుత రెండు వైపులా జంటలుగా ఏర్పడతాయి. పిండం ఎదిగేకొద్దీ వాటిలో కొన్ని భాగాలు కరిగిపోతాయి, కొన్ని నిలుస్తాయి. కుడివైపు నిలవవలసిన భాగం కరిగి, కరగవలసినది నిలిచిపోతే కుడిచేతికి రక్తమిచ్చే సబ్‌క్లేవియన్ ధమని దారి మారుతుంది. సాధారణంగా అది బృహద్ధమని వంపులోని మొదటి శాఖ నుంచి చీలుతుంది. లోపమున్నవారిలో అన్నింటికన్నా చివరి శాఖగా ఎడమవైపున పుట్టి, ఛాతీని అడ్డంగా దాటి కుడిచేతిని చేరుతుంది. ఈ క్రమంలో ఎక్కువ మందిలో అన్నవాహిక వెనుక నుంచి సాగుతుంది.

ఇది అరుదైన వింత కాదు. సుమారు 100 నుంచి 200 మందిలో ఒకరికి ఈ అమరిక ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. వారిలో అత్యధికులకు జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. మరేదో కారణంతో తీసిన సీటీ స్కాన్‌లోనే విషయం బయటపడుతుంది. ఏ లక్షణమూ, ఏ ఉబ్బూ లేనప్పుడు చికిత్స అవసరం లేదు.

ధమని అన్నవాహికను వెనుక నుంచి నొక్కినప్పుడు గట్టి ఆహారం మింగడం కష్టమవుతుంది. ఇంగ్లండ్ వైద్యుడు డేవిడ్ బేఫర్డ్ 18వ శతాబ్దంలోనే దీనిని వర్ణించారు. ‘ప్రకృతి ఆడిన ఆట’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి దీనికి ‘డిస్ఫేజియా లూసోరియా’ అనే పేరు స్థిరపడింది. దారి మారిన ధమని మొదట్లో గరాటులా ఉబ్బి ఉండటాన్ని జర్మన్ రేడియాలజిస్టు కొమ్మెరెల్ 1936లో గుర్తించారు. నేటికీ ఆ ఉబ్బును ‘కొమ్మెరెల్ డైవర్టిక్యులం’ అనే పిలుస్తున్నారు. హైబ్రిడ్ చికిత్స అవసరం ప్రధానంగా ఇక్కడే తలెత్తుతుంది.

ఎప్పుడు చికిత్స చేస్తారు?

లక్షణాలు బాధిస్తున్నప్పుడు, లేదా ఉబ్బు ప్రమాదకర పరిమాణానికి చేరినప్పుడు వైద్యులు జోక్యం చేసుకుంటారు. 2022 నాటి అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం, ఉబ్బు మొదలయ్యే ద్వారం 3 సెంటీమీటర్లు దాటినా, ఉబ్బునూ దాని పక్కనున్న బృహద్ధమనినీ కలిపి కొలిచినప్పుడు 5 సెంటీమీటర్లు దాటినా మరమ్మతు చేయడం సమంజసం. ధమని గోడ చీలినప్పుడు ఈ కొలతల కోసం వేచి ఉండరు.

ఒకే పద్ధతి ఎందుకు చాలదు?

ఈ లోపాన్ని శస్త్రచికిత్సతో తొలిసారి సరిదిద్దినది బోస్టన్ వైద్యుడు రాబర్ట్ గ్రాస్. అది 1946 నాటి మాట. బృహద్ధమని వంపును మార్చే పూర్తిస్థాయి శస్త్రచికిత్స 1957లో డీబేకీ బృందంతో మొదలైంది. అయితే ఛాతీ తెరవడం, అవసరమైతే గుండె–ఊపిరితిత్తుల యంత్రంపై ఆధారపడి శరీరాన్ని చల్లబరచి రక్తప్రసరణను కాసేపు ఆపడం వృద్ధులకు, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి పెద్ద భారం.

మరోవైపు, వస్త్రం తొడిగిన లోహపు జాలీ గొట్టమైన స్టెంట్ గ్రాఫ్ట్‌ను కాథెటర్ ద్వారా పంపి ధమనిని లోపలి నుంచి కప్పే పద్ధతి వచ్చింది. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీలోని బృహద్ధమనికి ఈ చికిత్స చేశారు. 1994లో స్టాన్‌ఫర్డ్ బృందం తన అనుభవాన్ని ప్రచురించాక ఇది విస్తృతంగా వ్యాపించింది. కానీ స్టెంట్ గ్రాఫ్ట్ జారకుండా, పక్కల నుంచి రక్తం కారకుండా ఉండాలంటే ఉబ్బుకు రెండు వైపులా సుమారు 2 సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన ధమని గోడ దానికి ఆనిక కావాలి. వంపు దగ్గర ఆ జాగా కావాలంటే, చేతులకు వెళ్లే శాఖల ముఖద్వారాలను మూయక తప్పదు.

ఈ చిక్కును విప్పేదే హైబ్రిడ్ విధానం. మూయబోయే శాఖకు ముందుగా మరో దారి ఏర్పరచి, ఆ తరువాతే స్టెంట్ గ్రాఫ్ట్‌ను అమరుస్తారు.

ఆపరేషన్ ఎలా సాగుతుంది?

తొలి ఘట్టంలో శస్త్రవైద్యుడు జత్రుక ఎముకకు కాస్త పైన కోత పెట్టి, మెడలోని కెరోటిడ్ ధమనికి సబ్‌క్లేవియన్ ధమనిని కలుపుతారు. దారి మారిన కుడి ధమనీ, సహజమైన ఎడమ ధమనీ దగ్గరదగ్గరగానే పుడతాయి కనుక, చాలామందిలో రెండు వైపులా ఈ బైపాస్ అవసరమవుతుంది. రెండో ఘట్టంలో తొడ వద్ద నుంచి స్టెంట్ గ్రాఫ్ట్‌ను పంపి, ఎక్స్‌రే చిత్రాలు చూస్తూ ఉబ్బును కప్పేస్తారు. చేతి వైపు నుంచి రక్తం వెనక్కి మళ్లి ఉబ్బును నింపకుండా, దారి మారిన ధమని మొదలును కట్టివేయడమో, బిరడా లాంటి పరికరంతో మూయడమో చేస్తారు. రెండు ఘట్టాలూ ఒకేరోజు జరగవచ్చు; కొన్ని రోజుల వ్యవధితోనూ జరగవచ్చు.

సబ్‌క్లేవియన్ ధమని చేతికి మాత్రమే పరిమితం కాదు. మెదడు వెనుకభాగానికి, వెన్నుపాముకు రక్తమిచ్చే శాఖలు దాని నుంచే వెళ్తాయి. బైపాస్ లేకుండా దానిని మూసివేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బైపాస్ చేసినా ఈ ముప్పు పూర్తిగా తొలగదు. రోగి, కుటుంబ సభ్యులు సమ్మతిపత్రంపై సంతకం చేసే ముందు అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

మరో పరిమితి కూడా ఉంది. స్టెంట్ ఉబ్బును లోపలి నుంచి కప్పుతుందే గానీ తొలగించదు. మింగడంలో కష్టమే ప్రధాన బాధ అయితే, ఒత్తిడి కలిగించే భాగాన్ని కోసి తీసే శస్త్రచికిత్స మేలు కావచ్చు. వయసు, ఉబ్బు ఆకృతి, లక్షణాలను బట్టి గుండె శస్త్రవైద్యులు, రక్తనాళ నిపుణులు, రేడియాలజిస్టులు కలిసి నిర్ణయించాలి.

ద్వీపాల్లో ఉన్నవారి సంగతి

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 3,80,581 మంది నివసిస్తున్నారు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అనేకం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి.పంత్ ఆసుపత్రి ఈ దీవులకు ప్రధాన వైద్య కేంద్రం. 2015లో ఇక్కడే వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. అయినా సంక్లిష్ట చికిత్సలకు రోగులను ప్రధాన భూభాగానికి పంపడం ఇక్కడ పరిపాటి. చెన్నై గానీ, విశాఖపట్నం గానీ దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రానికి ఆవల ఉన్నాయి. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి బయలుదేరేవారికి శ్రీ విజయపురమే 500 కిలోమీటర్లకు పైగా దూరం.

ఆపరేషన్ కోసం ఒకసారి సముద్రం దాటడంతో ఈ ప్రయాణం ముగియదు. తెరిచి చేసిన మరమ్మతు కన్నా స్టెంట్ గ్రాఫ్ట్‌కు నిఘా ఎక్కువ కావాలి. అది జరిగిందా, దాని అంచుల నుంచి రక్తం కారుతోందా అన్నది రోగికి బయటికి తెలియదు. సీటీ యాంజియోగ్రామ్‌లోనే కనబడుతుంది. సాధారణంగా మొదటి నెలలో ఒకసారి, ఏడాదిలోపు మరోసారి, ఆపై ఏటా ఒకసారి చొప్పున జీవితాంతం పరీక్ష చేయించుకోవాలి. దూరాభారానికి వెరచి ఈ పరీక్షలు మానేస్తే, విజయవంతమైన ఆపరేషన్ కూడా కొన్నేళ్ల తరువాత విఫలం కావచ్చు.

దీనికి పరిష్కారం కొంతవరకు సముద్రగర్భంలోనే ఉంది. చెన్నై నుంచి దీవులకు వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. కార్ నికోబార్, గ్రేట్ నికోబార్, లిటిల్ అండమాన్, రంగత్ సహా పలు దీవులు దీనితో అనుసంధానమయ్యాయి. ఒక సీటీ యాంజియోగ్రామ్‌లో వందలాది చిత్రాలుంటాయి. వాటిని పూర్తి నాణ్యతతో ఆపరేషన్ చేసిన వైద్యుడికి పంపగలిగితే, స్కాన్ దీవిలోనే జరిగి, అభిప్రాయం చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో రావచ్చు. తేడా కనిపించినప్పుడే రోగి ప్రయాణం కట్టాలి. ఈ ఏర్పాటు ఎవరి బాధ్యత అన్నది ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజునే స్పష్టంగా రాసి ఇవ్వడం మేలు.

గుర్తుంచుకోవలసినవి

• గట్టి ఆహారం మింగడంలో నెలల తరబడి ఇబ్బంది, రెండు చేతుల రక్తపోటులో గణనీయమైన తేడా, కారణం తెలియని దగ్గు ఉంటే వైద్యుణ్ని సంప్రదించాలి. ఇవి ఇతర కారణాల వల్లా రావచ్చు.

• ఛాతీలో లేదా వీపులో హఠాత్తుగా చీల్చినట్లు నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి.

• ఆపరేషన్ నివేదిక, స్టెంట్ కంపెనీ, పరిమాణం వివరాలున్న కార్డు, సీటీ చిత్రాల డిజిటల్ ప్రతి ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. సినిమా రీలులా కనిపించే ఫిల్మ్ ఒక్కటే చాలదు.

• రక్తపోటును అదుపులో ఉంచడం, పొగతాగడం మానడం ఆపరేషన్‌కు ముందూ తరువాతా తప్పనిసరి.

• మూత్రపిండాల సమస్య ఉన్నవారు సీటీకి వాడే మందు విషయం ముందే వైద్యుడికి చెప్పాలి.