కెఫీన్, రొమ్ము ఆరోగ్యం
కెఫీన్ అనేది కాఫీ, టీ, కోలా పానీయాల్లో ఉండే, మిథైల్‌జాంథీన్ వర్గానికి చెందిన ఉత్తేజక ఆల్కలాయిడ్. రొమ్ము నొప్పికి, క్యాన్సర్ కాని ఫైబ్రోసిస్టిక్ గడ్డలకు ఇది కారణమన్న వాదన 1979లో వెలువడింది. మిథైల్‌జాంథీన్లు ఫాస్ఫోడయెస్టరేజ్ ఎంజైమును అడ్డుకుని, కణాల్లో సైక్లిక్ ఏఎంపీని పెంచి, ఆ మార్పులకు దారితీస్తాయని అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శస్త్రవైద్యుడు జాన్ మింటన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు.

తర్వాతి పెద్ద అధ్యయనాల్లో ఈ సంబంధం రుజువు కాలేదు. కెఫీన్ మానేస్తే నొప్పి తగ్గుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు. కాఫీ రొమ్ము క్యాన్సర్ కలిగించదనే ఆధారాలు సూచిస్తున్నాయని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పేర్కొంది.

రొమ్ము నొప్పి నివారణకు వాడే పోషక పూరకాల్లో విటమిన్ ఇ, ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె ముఖ్యమైనవి. గామా లినోలెనిక్ ఆమ్లం ఉండే ఈ నూనె ఔషధానికి, సామర్థ్యం నిరూపణ కానందున, బ్రిటన్ 2002లో లైసెన్సు రద్దు చేసింది.

కెఫీన్ స్వల్పంగా తల్లిపాలలోకి చేరుతుంది. పాలిచ్చే తల్లులు రోజుకు 200 మిల్లీగ్రాముల వరకు తీసుకుంటే శిశువుకు హాని ఉండదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. కొత్త గడ్డ, చనుమొన నుంచి రక్తస్రావం కెఫీన్‌తో ముడిపెట్టదగినవి కావు. వాటికి వైద్య పరీక్ష అవసరం.