తీర్పు చెప్పే చోటు ఎవరిది? అల్గోల్ ప్రజాతీర్పు, దళిత ప్రశ్న

ఊరి చర్చ అనగానే మన పుస్తకాలు రచ్చబండను చూపిస్తాయి. వేపచెట్టు, రాతి అరుగు, నలుగురు పెద్దమనుషులు, ఊరి మంచీచెడూ మాట్లాడుకోవడం. చదవడానికి బాగానే ఉంటుంది. అరుగు మీద ఎవరు కూర్చున్నారు, కింద చేతులు కట్టుకుని ఎవరు నిలబడ్డారు అనే సంగతి మాత్రం అందులో ఉండదు. మాలలు, మాదిగలు అరుగు దగ్గరికి పిలిస్తేనే వెళ్లారు. అదీ తీర్పు చెప్పడానికి కాదు, తీర్పు వినడానికి, వేసిన దండుగ కట్టడానికి. కాబట్టి 'బహిరంగ చర్చ' అనే మాట వినపడగానే మనం సంతోషించకూడదు. ఎవరికి బహిరంగం అని ముందు అడగాలి.

సైన్సు, టెక్నాలజీ మీద జరిగిన చర్చలకూ ఇదే వర్తిస్తుంది. 1960ల తర్వాత అధిక దిగుబడి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు ఊళ్లోకి వచ్చాయి. వాటి గురించి గ్రామసేవక్ మాట్లాడింది భూమి ఉన్నవాడితోనే. మందు ఎన్ని నీళ్లలో ఎంత కలపాలో ఆ ఆసామి ఇంటి అరుగు మీదే చెప్పారు. డబ్బా వీపుకు తగిలించుకుని చేనంతా కొట్టింది మాత్రం పాలేరు. మాట ఒకరితో, విషం ఇంకొకరి ఒంటి మీద. ఏ మందు కొట్టిన రోజు కళ్లు మండాయో, ఏ చేలో కలుపు తీస్తే చేతులు పొక్కాయో, ఏ రకం చొప్పను గొడ్డు ముట్టలేదో వాడకు తెలుసు. కలుపు సాళ్లలో, పత్తి ఏరేచోట, రెండు గ్లాసుల టీ హోటలు బయట, చర్చి వాకిట్లో మనవాళ్లు ఇవన్నీ మాట్లాడుకుంటూనే వచ్చారు. దానికి ఎవరూ చర్చ అని పేరు పెట్టలేదు. కూలోళ్ల ముచ్చట అన్నారు, అంతే.

ఆ ముచ్చట అడ్డం తిరిగి బహిరంగంగా వినపడితే ఏమవుతుందో కారంచేడు చెప్పింది. 1985 జూలైలో అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. మాదిగలు తాగే నీళ్లను పశువుల కుడితితో మురికి చేయవద్దని అన్నారు. అడ్డం చెప్పినందుకు కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. ఈ ఘటనను మనం కులదాడిగా చదివాం, అది సరైనదే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. తాగేనీళ్లు శుభ్రంగా ఉండాలనడం ప్రజారోగ్యం మాటే, ఏ డాక్టరైనా చెప్పేదే. ఆ మాట చెప్పింది ఎవరన్నదాన్ని బట్టే దానికి జవాబు వచ్చింది.

2001లో అల్గోల్లో జరిగినదాన్ని ఈ చరిత్ర పక్కన పెట్టి చూడాలి.

ముందు దాని నేపథ్యం. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' అనే పత్రాన్ని విడుదల చేసింది. దాని తయారీలో మెకెన్సీ అనే విదేశీ సలహా కంపెనీ పాలుపంచుకుంది. రాష్ట్రంలో సుమారు 70 శాతం జనం వ్యవసాయం మీద బతుకుతున్నారు, 2020 నాటికి అది 40 శాతానికి తగ్గాలి, యంత్రాలు రావాలి, బయోటెక్నాలజీ రావాలి, కంపెనీలతో ఒప్పంద సేద్యం రావాలి అన్నది దాని ధోరణి. ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ ప్రభుత్వం ఈ రాష్ట్రానికి పెద్దఎత్తున డబ్బు ఇస్తున్న కాలం అది. తగ్గిపోవాల్సిన ఆ 30 శాతం ఎవరు? పత్రంలో కులం పేరు లేదు. ఉండాల్సిన పని కూడా లేదు. ఎకరం, అరెకరం అసైన్డ్ భూమి ఉన్నవాళ్లు, అసలే లేక కూలికి పోయేవాళ్లు ఎవరో ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు.

2001 జూన్ చివర్లో మెదక్ జిల్లా (ఇప్పటి సంగారెడ్డి జిల్లా) జహీరాబాద్ దగ్గరి అల్గోల్ గ్రామంలో 'ప్రజాతీర్పు' పేరుతో ఒక కార్యక్రమం జరిగింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని రెండు పరిశోధనా సంస్థలు, మరికొన్ని సంఘాలు కలిసి దీన్ని నడిపాయి. జ్యూరీలో ఉన్నది ఇరవైమంది లోపే. అందులో ఎక్కువమంది చిన్న సన్నకారు రైతులు, దళితులు, ఆదివాసులు. సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లు. చదువు రానివాళ్లు కూడా ఉంటారు కాబట్టి మూడు రకాల భవిష్యత్తులను వీడియోల్లో చూపించారు. ఒకటి విజన్ 2020 దారి. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ సేద్యం చేసే దారి. మూడోది స్థానిక వనరులతో, స్వావలంబనతో బతికే దారి. ఈ మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టి పొమ్మనలేదు. కావలసింది తీసుకోవచ్చు, కలుపుకోవచ్చు, కొత్తది చెప్పవచ్చు.

ఆ తర్వాత సాక్షులు వచ్చారు. ప్రభుత్వ అధికారులు, విత్తన, పురుగుమందుల కంపెనీల ప్రతినిధులు, శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు. వాళ్లు చెప్పారు, జ్యూరీ అడిగింది. పద్ధతి సరిగా నడుస్తున్నదా లేదా చూడటానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన ఒక పర్యవేక్షక బృందం ఉంది. మన దృష్టిలో ఇక్కడ జరిగిన అసలు మార్పు కుర్చీ మార్పు. తరతరాలుగా బోనులో నిలబడినవాళ్లు ప్రశ్న అడిగే చోట కూర్చున్నారు. ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సిన పని అధికారికి, కంపెనీకి పడింది.

వాళ్లు చెప్పిన తీర్పు స్పష్టంగానే ఉంది. భూమి మీద బతికేవాళ్లను 70 నుంచి 40 శాతానికి తగ్గించడం వద్దన్నారు. భూములు కొద్దిమంది చేతుల్లోకి పోవడం, ఒప్పంద సేద్యం, కూలీల పొట్టకొట్టే యంత్రాలు వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. అందులో బీటీ పత్తీ ఉంది, ఎ-విటమిన్ ఉంటుందని చెప్పిన బియ్యమూ ఉంది. మందుమొక్కలు తమ చేతుల్లోంచి జారి ఎగుమతికి పోవడం వద్దన్నారు. వద్దు అని ఊరుకోలేదు. ఆరోగ్యమైన నేల, రకరకాల పంటలు, చెట్లు, పశువులు, వనరుల మీద ఊరివాళ్ల అదుపు కావాలన్నారు.

2002లో ఈ నివేదిక బయటికి రాగానే దుమారం లేచింది. బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ నుంచి అభ్యంతరాలు వచ్చాయి. జ్యూరీ రాష్ట్ర జనాభాకు ప్రాతినిధ్యం వహించదు, పద్ధతిలో పక్షపాతం ఉంది అనేది వాటి సారాంశం. ఇరవైమంది కూడా లేని జ్యూరీ ఏడున్నర కోట్ల మందికి ప్రతినిధి ఎట్లా అవుతుంది అనేది న్యాయమైన ప్రశ్నే. మరి విజన్ 2020 రాసినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఎంతమంది కలుపు తీశారు? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదే! వాడ మాట పాలకుల మాటకు అనుకూలంగా ఉంటే అది జనాభిప్రాయం. ఎదురుగా ఉంటే పద్ధతి లోపం. ఈ తూకం మనకు కొత్తది కాదు, రచ్చబండ నాటిదే.

అయితే పైవాళ్లను అడిగిన ప్రశ్నలు మనం మనవాళ్లను కూడా అడగాలి. అల్గోల్‌ను ఎత్తిపట్టుకుని ఊరేగిస్తే సరిపోదు. మూడు దారులను తయారుచేసింది జ్యూరీ కాదు, చదువుకున్నవాళ్లు. సభను నడిపినవాళ్లలో జన్యుమార్పిడి పంటల మీద ముందే ఒక అభిప్రాయం ఉన్నవాళ్లు ఉన్నారు. మూడో దారి వెనక గాంధీ స్వదేశీ ఛాయలున్నాయి. ఇక్కడ అంబేద్కర్‌ను మరిచిపోతే ఎట్లా? గ్రామం స్వర్గం కాదని, అంటరానివాడికి అది నరకమని ఆయన 1940ల్లోనే వాదించాడు. యంత్రాన్ని తిట్టే గాంధీవాదాన్ని ఆయన ఎండగట్టాడు. యంత్రం వల్ల మనిషికి తీరిక వస్తుంది, తీరిక ఉంటేనే మనిషి మనిషిగా ఎదుగుతాడు, తప్పు యంత్రానిది కాదు, దాన్ని సొంతం చేసుకున్న సమాజానిది అని ఆయన తర్కం. మరి అల్గోల్లో దళిత స్త్రీలు యంత్రం వద్దంటే అంబేద్కర్‌కు ఎదురు పోయినట్టా?

కాదనే నా అభిప్రాయం. యంత్రం వచ్చి కలుపు కూలి పోతే, ఆ మిగిలిన తీరిక ఎవరికి దక్కుతుంది? భూమి ఉన్నవాడికి ఖర్చు తగ్గుతుంది. కూలి మనిషికి మిగిలేది తీరిక కాదు, పస్తు. భూమి, చదువు, పట్నంలో గౌరవమైన పని చూపించకుండా 'మీరు సేద్యం నుంచి తప్పుకోండి' అంటే అది అంబేద్కర్ చెప్పిన విముక్తి కాదు, వెళ్లగొట్టడం. అయినా ఈ వాదన ఇక్కడితో తేలేది కాదు. ఊరు వదిలి పట్నం పోదామనే మాదిగ యువకుడి మాట, నా ఎకరంలో జొన్నలు నేనే పండించుకుంటా అనే మాదిగ స్త్రీ మాట, రెండూ వాడ మాటలే. ఆ రెండూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే చోటు మనమే తయారుచేసుకోలేదు. అది మన లోపం.

తీర్పు తర్వాత ఏం జరిగిందో చూద్దాం. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ ఏడాది వానాకాలంలోనే వరంగల్ ప్రాంతంలో చాలామంది రైతులు నష్టపోయారు. జహీరాబాద్ సంఘాల్లోని దళిత స్త్రీలు కెమెరాలు పట్టుకుని వెళ్లి ఆ రైతుల మాటలు సినిమాగా తీశారు. అయినా తర్వాతి సంవత్సరాల్లో దేశంలో పత్తి సాగు దాదాపు అంతా బీటీగా మారింది. జ్యూరీ వద్దన్నదాన్ని లక్షలమంది రైతులు తీసుకున్నారన్నది నిజం. దాన్ని దాచాల్సిన పనిలేదు. మొదట్లో కాయతొలిచే పురుగుకు మందు తగ్గిందన్నదీ నిజమే, తర్వాత గులాబీరంగు పురుగు ఆ విత్తనాన్ని తట్టుకుని నిలబడిందన్నదీ నిజమే. ఆ తర్వాత అనుమతి లేకుండానే కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనం తెలుగు జిల్లాల్లోకి దొంగతనంగా వచ్చింది. చర్చంతా విత్తనం చట్టబద్ధమా కాదా అనే దగ్గర ఆగింది. కలుపుమందు కొడితే కలుపు తీసే ఆడవాళ్ల కూలి ఏమవుతుందని అడిగినవాళ్లు తక్కువ.

చర్చే లేకపోతే ఏమవుతుందో ఖమ్మం చూపించింది. 2009లో ఆ జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేసే కార్యక్రమం మొదలుపెట్టారు. పదీ పద్నాలుగేళ్ల మధ్య వయసు ఆడపిల్లలు సుమారు 14,000 మంది. వాళ్లలో హాస్టళ్లలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు చాలామంది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఈ టీకాను ప్రపంచంలో చాలా దేశాలు వాడుతున్నాయి. చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కాబట్టి మనం అడిగేది టీకా మంచిదా చెడ్డదా అని కాదు. తల్లిని అడగాల్సిన మాట వార్డెన్‌ను ఎందుకు అడిగారు? పట్నంలో ఫీజులు కట్టి చదివే పిల్లకు ఇట్లా వేస్తారా? అడగాల్సిన పని లేదనుకోవడం కూడా అంటరానితనంలో ఒక రూపమే. దీనివల్ల సైన్సుకు కూడా నష్టమే. రేపు మంచి టీకా వచ్చినా వాడ నమ్మదు.

2010 మొదట్లో బీటీ వంకాయ మీద కేంద్ర పర్యావరణ మంత్రి ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టాడు. అందులో హైదరాబాద్ ఒకటి. సుమారు 8,000 మంది పాల్గొన్నారు. ఫిబ్రవరి 9న ఆ వంకాయను నిలిపివేశారు. జనాన్ని అడిగి ఆపడం మన దేశంలో అరుదు, దాని విలువ తగ్గించను. అయితే సభలు నగరాల్లో జరిగాయి. రోజుకూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని, మైకు అందుకునే శక్తి ఎవరికుంది? అల్గోల్లో చర్చ కూలి మనిషి దగ్గరికి నడిచి వచ్చింది. తేడా అక్కడుంది.

కాబట్టి మన కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఏ సైన్సు చర్చకు పోయినా నాలుగు ప్రశ్నలు జేబులో పెట్టుకుని పోవాలి. ప్రశ్నను తయారుచేసింది ఎవరు? కూర్చున్నది ఎవరు, నిలబడ్డది ఎవరు? ఆ రోజు కూలి ఎవరు ఇస్తారు? చెప్పిన తీర్పుకు ఎవరు కట్టుబడతారు? చివరి ప్రశ్న దగ్గరే అల్గోల్ కూడా ఓడిపోయింది. తీర్పు చెప్పే కుర్చీ వారం రోజులు దొరికింది, అమలు చేసే కుర్చీ దొరకలేదు. ఆ వారం వృథా అని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అరుగు కింద నిలబెట్టినవాళ్లు అరుగు ఎక్కి కంపెనీవాణ్ణి ప్రశ్నించారన్న సంగతి ఈ నేల మీద ఒకసారి జరిగింది. ఒకసారి జరిగినదాన్ని మళ్లీ జరగదని చెప్పడం ఇంక ఎవరితరమూ కాదు.