కాసెట్టు నుండి కంప్యూటరుకు: ఒగ్గుకథ ధ్వనిముద్రణల పాఠ సమస్య

తాళపత్ర ప్రతుల విషయంలో లేఖక దోషాలు, గ్రంథపాతాలు, పాఠాంతరాలు అంటూ ఎంతో జాగ్రత్తగా మాట్లాడే మనం, ఒక కథాగానం కాసెట్టులో ఉన్నదంటే అది ఉన్నది ఉన్నట్లుగా నిలిచిన సాక్ష్యమని నమ్ముతాం. ఆ కాసెట్లను ఇప్పుడు పరిశోధకులు ఇంటి కంప్యూటర్ల మీదనే డిజిటల్ ధ్వనిగా మార్చుకొంటున్నారు. ఈ మార్పిడి కొత్త ప్రతిని రాయడంతో సమానమనీ, లేఖకునికి ఉండవలసిన బాధ్యతలన్నీ దీనికీ వర్తిస్తాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కాంపాక్ట్ కాసెట్టును ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టింది. మన దేశంలో అది 1980ల నాటికి గాని సామాన్యుల చేతికి రాలేదు. ఉత్తర భారతంలో దాని ప్రభావాన్ని పీటర్ మాన్యుయెల్ 1993లో గ్రంథస్థం చేశారు. తెలుగు జానపద సాహిత్య పరిశోధన అంతకు ముందే మొదలైంది. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడింది. చెప్పించుకొని రాసుకొనే పద్ధతిలో గాయకుడు ఆగి ఆగి చెప్పాలి. అలా చెప్పేటప్పుడు పాట నడక చెడుతుంది. టేపు ఆ ఇబ్బందిని తొలగించింది. ఆలిశెట్టి గాలెయ్య గానం ఆధారంగా జీన్ రోగేర్ రూపొందించిన పల్నాటి వీరుల కథ అధ్యయనం (1982) వంటివి ధ్వనిముద్రణ లేనిదే సాధ్యమయ్యేవి కావు.

అయితే టేపుకు తనదైన కొలత ఉంది. అరవై నిమిషాల కాసెట్టుకు ఒక్కో వైపు ముప్పై నిమిషాలే. రాత్రంతా సాగే మల్లన్న కథకు ఆ కొలతతో పొత్తు కుదరదు. ఈ వ్యాసకర్త పరిశీలించిన ఒక ఒగ్గుకథ కాసెట్టులో మొదటి వైపు చరణం మధ్యలో తెగిపోయింది. రెండో వైపు మొదట ఎవరో “ఇగ చెప్పు” అంటారు. కథకుడు జరిగిన కథను నాలుగు మాటల్లో వచనంలో చెప్పి పాట అందుకొంటాడు. ఆ నాలుగు మాటలు కథలో భాగమా, కాదా? రాత్రి ప్రదర్శనలో అవి ఉండవు. కాని తెగిన కథను కథకుడు ఎలా అతికిస్తాడో తెలిపేవి అవే. రెండు వైపులనూ కలిపి ఒకే ఫైలుగా అతికేటప్పుడు చాలామంది ముందుగా కత్తిరించేది ఈ భాగాన్నే. అక్కడ గ్రంథపాతం ఉందన్న సంగతి కూడా దానితోనే మాయమవుతుంది.

వేగం మరో సమస్య. కాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. పాత యంత్రాల్లో బెల్టు సాగి, మోటారు అలసి ఈ వేగం మారుతుంది. సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి అర్ధస్వరం పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడినది ఒకటిన్నరగా వినిపిస్తుంది. కథకుని శ్రుతి గురించి, గాన వేగం గురించి మనం చేసే నిర్ణయాలన్నీ అప్పుడు తప్పుతాయి. దీనికి విరుగుడు చాలాసార్లు టేపులోనే దొరుకుతుంది. కరెంటు మీద రికార్డు చేసిన వాటిలో సన్నని గుయ్యిమనే శబ్దం ఉంటుంది. మన విద్యుత్తు పౌనఃపున్యం సుమారు 50 హెర్ట్జ్. ఆ శబ్దం 53 దగ్గర కనిపిస్తే టేపు వేగంగా నడుస్తున్నదని అర్థం. వినిపించే యంత్రం తన సొంత గుయ్యిని కలపకుండా దానిని బ్యాటరీతో నడపడం మేలు.

ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో రొద తొలగించే సదుపాయం ఉంది. నిశ్శబ్దంగా ఉన్న చోట రొద నమూనా తీసుకొని, దానిని మొత్తం ధ్వని నుండి తగ్గిస్తుంది. చెవికి హాయిగానే ఉంటుంది. పరిశోధకునికి మాత్రం ప్రమాదకరం. వేగాన్ని తేల్చే ఆ గుయ్యి ముందే పోతుంది. టేపు బుసలోని పై పౌనఃపున్యాల్లోనే స, శ, ష ధ్వనుల ఊష్మశక్తి కూడా ఉంటుంది. బుసను గట్టిగా తొలగిస్తే కథకుడు ‘శివుడు’ అన్నాడా, ‘సివుడు’ అన్నాడా అన్నది తేల్చుకోవడం కష్టం. మాండలిక పరిశీలనకు ఇంతకంటే నష్టం ఏముంటుంది? తాళాల మోత, శ్రోతల ‘ఊ’లు కూడా పలచబడతాయి. ఎంపీ3గా కుదించడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

సీ.పీ. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు రాయించిన పద్ధతి ఇక్కడ గుర్తుకు వస్తుంది. శుద్ధప్రతి అవసరమే, కాని అది మాతృక స్థానాన్ని ఆక్రమించరాదు. ఏ సవరణా లేని మూలధ్వని ఒకటి, వినడానికి శుభ్రం చేసినది మరొకటి విడివిడిగా ఉండాలి. మూలధ్వనిని 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో భద్రపరచడం మేలు. స్టీరియోలో గంటకు రెండు జీబీ పైచిలుకు అవుతుంది. నేటి హార్డ్‌డిస్కులకు అది భారం కాదు. అసలు భారం సమయమే. గంట టేపుకు గంట కూర్చోవలసిందే.

కథ ముగిసిన తరువాత కూడా టేపును చివరి వరకు నడపాలి. పాతదాని మీద కొత్తది రికార్డు చేసిన కాసెట్లు పల్లెల్లో ఎక్కువ. కథ ఆగిన చోట కింది పొరలోని సినిమా పాట బయటపడుతుంది. ఆ చిత్రం విడుదలైన సంవత్సరం తెలిస్తే, పైనున్న కథ అంతకు ముందు రికార్డయినది కాదని నిశ్చయించవచ్చు. తేదీ రాయని కాసెట్టుకు ఒక్కోసారి అంతకు మించిన పూర్వావధి దొరకదు.